20 మీటర్లకు 10 గ్రాములా, 60 మీటర్లకు 1.8 గ్రాములా? ఏ డ్రిల్లింగ్ రిజల్ట్ మెరుగు?

మియాపూర్ ఇన్వెస్టర్:
నమస్కారం. పెర్త్‌లో ఉన్న మా తమ్ముడూ నేనూ ఆస్ట్రేలియాలో లిస్టయిన చిన్న బంగారు కంపెనీల షేర్లు చూస్తున్నాం. వాడికి నచ్చిన కంపెనీ రిజల్ట్: 212 మీటర్ల లోతు నుంచి 20 మీటర్లు, టన్ను రాయికి 10 గ్రాముల బంగారం, అందులో ఒక మీటరు 190 గ్రాములు. నాకు నచ్చినది: 14 మీటర్ల లోతు నుంచి 60 మీటర్లు, టన్నుకు 1.8 గ్రాములు. మీటర్లను గ్రాములతో గుణిస్తే వాడిది 200, నాది 108. తన కంపెనీదే దాదాపు రెట్టింపు విలువ అంటాడు. ఆ లెక్క నాకు మింగుడుపడటం లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పగలరా?

హబ్సిగూడ జియాలజిస్ట్ (రిటైర్డ్):
గుణించి చూడటం సరైన పద్ధతేనండీ, గ్రామ్-మీటర్లని మేమూ వాడతాం. కానీ "అందులో ఒక మీటరు" అన్న దగ్గర ఆగండి. ఆ ఒక్క మీటరులోనే 190 గ్రామ్-మీటర్లు పోయాయి. మిగతా 19 మీటర్లకూ కలిపి మిగిలింది 10, అంటే టన్నుకు అర గ్రాము. 212 మీటర్ల కింద అర గ్రాము రాయిని ఎవరు తవ్వుతారు? ఒక్క మీటరు బంగారాన్ని తీసుకెళ్ళి 20 మీటర్ల మీద పరిచేశారు.

ఆ ఒక్క మీటరు కూడా నిలకడైనదని నమ్మలేం. నా సర్వీసులో ఎక్కువ భాగం కోర్ (డ్రిల్లింగ్‌లో బయటికి తీసే రాతి కడ్డీ) షెడ్లలోనే గడిచింది. తడిపిన కోర్‌ని లెన్స్ కింద పెడితే తెల్లటి క్వార్ట్జ్‌లో ఆవగింజలో సగం ఉండే పసుపు చుక్క కనిపిస్తుంది. రంపంతో కోర్‌ని నిలువునా రెండుగా కోసినప్పుడు ఆ చుక్క ఏ సగంలోకి పోయిందన్న దాన్నిబట్టి రిపోర్టులో అంకె మారిపోతుంది.

లోతు సంగతి చూస్తే మీది 14 మీటర్ల నుంచే మొదలవుతోంది కాబట్టి ఓపెన్‌పిట్‌కి, అంటే పైనుంచే గొయ్యిలా తవ్వడానికి, అవకాశం ఉంది. మన కర్నూలు జిల్లా జొన్నగిరిలో చేస్తున్నది అదే. రాయచూరు వైపు హట్టిలో లాగా షాఫ్ట్ దించి లోపలికి పోవాలంటే ఖర్చు లెక్కే వేరు, అక్కడ రాయిలో గ్రేడ్ (టన్నుకు ఎన్ని గ్రాముల బంగారమన్నది) బాగా ఉండాలి.

నాచారం ల్యాబ్:
సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఫైర్ అస్సేకి (రాతి పొడిని కరిగించి బంగారం ఎంతుందో తేల్చే పరీక్ష) మేం తీసుకునే పొడి సాధారణంగా 30 లేదా 50 గ్రాములు. అందులో ఒక్క పెద్ద రేణువు పడినా రిజల్ట్ ఎక్కడికో పోతుంది. అందుకే నిల్వలు లెక్కగట్టేటప్పుడు ఇలాంటి అంకెలకు ఒక పరిమితి పెడతారు, దాన్ని టాప్ కట్ అంటారు. ఉదాహరణకి 190ని 30 దగ్గర ఆపితే మీ తమ్ముడి 20 మీటర్ల సగటు 2 గ్రాములకు దిగుతుంది. గ్రామ్-మీటర్లు 40. మీ 108 పక్కన పెట్టి చూసుకోండి.

సగం కోర్ దాచి ఉంచారా అన్నది కూడా చూడండి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రె-ఎక్స్ కంపెనీ కోర్ మొత్తం పొడి కొట్టించేసింది. తిరిగి పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. 1997లో ఫ్రీపోర్ట్ అనే గనుల కంపెనీ వాళ్ళు వచ్చి ఆ హోల్స్ పక్కనే మళ్ళీ డ్రిల్ చేస్తే చెప్పుకోదగ్గ బంగారమే లేదు. శాంపిల్స్‌లో బయటి నుంచి బంగారం కలిపారని తేలింది. ఎంతమంది మామూలు జనం డబ్బు పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మియాపూర్ ఇన్వెస్టర్:
ఇద్దరికీ ధన్యవాదాలు. తమ్ముడి కంపెనీ ప్రకటన చివరిదాకా చదివాను. హోల్ 60 డిగ్రీల వాలులో వేశారట. కింద చిన్న అక్షరాల్లో "ఇది హోల్ వెంబడి పొడవు, అసలు మందం తెలియదు" అని ఉంది. అనుబంధం పట్టికలో ఇంకో ఆరు హోల్స్ ఉన్నాయి, నాలుగింటికి ఎదురుగా "చెప్పుకోదగ్గది లేదు" అని రాశారు. హెడ్డింగులో వాటి ఊసే లేదు!

హబ్సిగూడ జియాలజిస్ట్ (రిటైర్డ్):
ఆ చిన్న అక్షరాలు రాయాలన్నది ఆస్ట్రేలియా జార్క్ కోడ్ (గనుల కంపెనీలు ఫలితాలు ఎలా ప్రకటించాలో చెప్పే నియమావళి) నిబంధన. ఖనిజ పట్టీ నిటారుగా ఉందనుకోండి, నేలకు 60 డిగ్రీల వాలులో దిగిన హోల్‌లో 20 మీటర్లు కనిపిస్తే అసలు మందం 10 మీటర్లే. ఆ నాలుగు ఖాళీ హోల్స్ 190 గ్రాముల హోల్‌కి ఎంత దూరంలో ఉన్నాయో మ్యాప్‌లో కొలవండి. ఇరవై, ముప్పై మీటర్లలోనే ఉంటే ఆ పట్టీ అక్కడితో తెగిపోయిందేమోనని అనుమానించాలి.

మీ కంపెనీనీ ఇంతే గట్టిగా నిలదీయండి. పట్టీ వాలు వెంబడే హోల్ దించితే ఐదు మీటర్ల పట్టీ కూడా 60 మీటర్లుగా కనిపిస్తుంది. సెక్షన్ బొమ్మలో (నేలను నిలువునా కోసినట్టు చూపేది) హోల్ పట్టీని అడ్డంగా కోస్తోందా, దానిలోనే జారుతూ పోతోందా చూడండి. పైనున్న ఆక్సైడ్ రాయి నుంచి సైనైడ్‌తో బంగారం తేలిగ్గానే వస్తుంది. కింద ఆర్సెనోపైరైట్ అనే ఖనిజంలో ఇరుక్కున్న బంగారమైతే అంత తేలిగ్గా రాదు, కాబట్టి రికవరీ పరీక్షలు చేశారో లేదో కనుక్కోండి. సెక్షన్ బొమ్మ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. అప్పటిదాకా ఇద్దరూ డబ్బు పెట్టకండి.