ఇన్ఫెక్షన్ లేకుండానే తెల్ల కణాలు ఇంతలా ఎందుకు పెరుగుతాయి?

మా తమ్ముడికి అక్యూట్ పాంక్రియాటైటిస్ (క్లోమానికి హఠాత్తుగా వచ్చే వాపు), అడ్మిట్ చేసి మూడో రోజు, తెల్ల రక్తకణాలు 18,000, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష) 160 దాటింది, కానీ డాక్టర్‌గారేమో ఇన్ఫెక్షన్ లేదు యాంటీబయాటిక్స్ ఇప్పుడే వద్దు అంటున్నారు. నేను చదివినంతలో పేగులోకి వెళ్లాక పనిచేయాల్సిన ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ క్లోమంలోనే యాక్టివ్ అయిపోయి కణాల్ని దెబ్బతీస్తుందట, ఆ కణాలు సిగ్నల్స్ పంపితే ముందు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు పరుగెత్తుకొస్తాయి, అవి వదిలే వలల్లాంటి డీఎన్‌ఏ పోగులు సన్న నాళాలకి అడ్డుపడి వాపు ఇంకా పెంచుతాయట. మాక్రోఫేజ్‌లనే ఇంకో రకం తెల్ల కణాలేమో మొదట వాపు పెంచి తర్వాత అవే మాన్పడానికి సాయం చేస్తాయంట, ఇక్కడే నాకు అర్థం కావట్లేదు. ఆ మార్పు ఎప్పుడు మొదలవుతుంది, రిపోర్టుల్లో ఏం చూస్తే తెలుస్తుంది? వాడు రాత్రంతా మోకాళ్లు పొట్టకి ముడుచుకుని ముందుకి వంగే కూర్చున్నాడు, చూడలేకపోతున్నా. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.