గేమింగ్ ల్యాప్‌టాప్ ఒక్కటే అన్ని పనులకూ సరిపోతుందా? వెనక్కి ఇచ్చే గడువులోపు ఏమేం పరీక్షించాలి?

ఒకేయంత్రం
16 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ కొత్తగా వచ్చింది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్, 16 జీబీ ర్యామ్, 80 వాట్-అవర్ బ్యాటరీ, 165 హెర్ట్జ్ తెర. ఆటలు ఎలా ఆడుతుందో రివ్యూలన్నిట్లో ఉంది. నాకు కావాల్సింది మిగతా రోజు సంగతి. పగలు ఆన్‌లైన్ మీటింగులు, బ్రౌజరు, కోడింగ్. సాయంత్రం వీడియో ఎడిటింగ్, అప్పుడప్పుడు పాటల రికార్డింగ్. వెనక్కి ఇచ్చే గడువు ఇంకా ఉంది. ఏయే పరీక్షలు చేయాలి, ఎంత వస్తే ఉంచుకోవాలి, ఎంత వస్తే ఇచ్చేయాలి? అంకెలతో చెప్పండి.

వాట్లలెక్క
అన్నిటికన్నా ముందు ఊరికే ఉన్నప్పుడు ఎన్ని వాట్లు తాగుతుందో చూడండి. రోజంతా వాడే యంత్రానికి ఇదే అసలు పరీక్ష. ఛార్జర్ తీసేయండి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించండి, వైఫై ఆన్‌లో ఉంచి బ్రౌజర్లో నాలుగైదు ట్యాబులు తెరవండి. పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, సెన్సార్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాధనంలో బ్యాటరీ విభాగం కింద ఛార్జ్ రేట్ చూడండి. మైనస్ గుర్తుతో వాట్లలో కనిపిస్తుంది.

8 నుంచి 12 వాట్లు వస్తే చాలా బాగున్నట్టు. 15 దాకా ఫర్వాలేదు. 20 దాటితే గ్రాఫిక్స్ చిప్ నిద్రపోవట్లేదని అర్థం. మీ 80 వాట్-అవర్ బ్యాటరీ 10 వాట్ల దగ్గర ఎనిమిది గంటలు వస్తుంది, 22 వాట్ల దగ్గర మూడున్నర గంటలే. బ్యాటరీ అదే, తేడా అంతా సెట్టింగుల్లోనే.

నిద్రపోకపోవడానికి మామూలుగా కనిపించే కారణాలు:
- తయారీదారు యాప్‌లో హైబ్రిడ్ మోడ్ (మామూలు పనికి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్, బరువు పనికే ఎన్విడియా చిప్) బదులు డిస్క్రీట్ మోడ్ (ఎప్పుడూ ఎన్విడియా చిప్పే) పెట్టి ఉండటం. ఆటల్లో ఎక్కువ ఫ్రేములు రావాలని కొన్ని యంత్రాలు ఫ్యాక్టరీ నుంచే ఇలా వస్తాయి.
- కదిలే వాల్‌పేపర్లు, కీబోర్డు లైట్ల సాఫ్ట్‌వేర్, చాట్ యాప్‌లలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్).
- బయటి మానిటర్ తగిలించి ఉండటం. దీని గురించి కింద విడిగా రాస్తాను.

ఎవరు లేపుతున్నారో పట్టుకోవాలంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, డెస్క్‌టాప్ మెనూలో జీపీయూ యాక్టివిటీ ఐకాన్ ఆన్ చేయండి. గడియారం పక్కన చిన్న బొమ్మ వస్తుంది, దాన్ని నొక్కితే చిప్‌ని వాడుతున్న ప్రోగ్రాముల పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లను విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ పేజీకి తీసుకెళ్లి ఒక్కొక్కదానికి పవర్ సేవింగ్ ఎంచుకోండి.

చల్లనిచిప్
వాట్లలెక్క గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన సవరణ. హెచ్‌డబ్ల్యూఇన్ఫో తనే ప్రతి రెండు సెకన్లకూ ఎన్విడియా చిప్‌ని ఉష్ణోగ్రత ఎంత అని అడుగుతూ ఉంటుంది, దాంతో చిప్ నిద్రలోకి పోలేకపోవచ్చు. అప్పుడు కొలిచే సాధనమే అంకెను పెంచేస్తుంది. సెన్సార్ల జాబితాలో ఎన్విడియా శీర్షిక మీద కుడి క్లిక్ చేసి ఆ విభాగాన్ని డిసేబుల్ చేశాకే కొలవండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ కూడా మూసేయండి.

వాట్లలెక్క
నిజమే, అది చేయకపోతే ఫలితం నమ్మలేం. ఇక మానిటర్ సంగతి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది. కేబుల్ పెట్టగానే చిప్ మేల్కొని, మీరు ఉత్త స్ప్రెడ్‌షీట్ చూస్తున్నా అదనంగా పది వాట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే లాగుతుంది. ఫ్యాన్ ఆగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. టైప్-సీ పోర్టులు మాత్రం కొన్ని మోడళ్లలో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి కలిపి ఉంటాయి. మీ దాంట్లో ఏది దేనికి కలిసిందో తెలుసుకోవాలంటే, మానిటర్ తగిలించి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సరౌండ్, ఫిజ్ఎక్స్ పేజీ తెరవండి. ఏ తెర ఏ చిప్ కింద ఉందో అక్కడ బొమ్మ గీసి చూపిస్తుంది. రోజంతా బయటి మానిటర్ మీద పనిచేసేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు పేరు కన్నా ఈ వైరింగే ముఖ్యం.

ఫ్రేమురేటు
4060 అన్నారు కదా, ఎన్ని వాట్లదో చూశారా? ల్యాప్‌టాప్‌లో వచ్చే 4060కి ఎన్విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు. పెట్టె మీద 140 అని ఉంటే అది డైనమిక్ బూస్ట్ (ప్రాసెసర్ వాడని వాట్లను గ్రాఫిక్స్‌కి మళ్లించడం) కలిపిన అంకె. పేరు ఒకటే అయినా 45 వాట్లదీ 115 వాట్లదీ పనిలో ఒకటి కావు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఉంటుంది, అదే నమ్మండి. మోడ్ మారిస్తే అంకె కూడా మారవచ్చు కాబట్టి పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టి, ఛార్జర్ తగిలించి చూడండి.

ఒకేయంత్రం
115 చూపిస్తోంది, బూస్ట్‌తో 140. హైబ్రిడ్ మోడ్‌లో పెట్టి, ఎన్విడియా సెన్సార్ తీసేసి కొలిస్తే 11 వాట్లు. కానీ మీటింగ్ మొదలైతే చాలు, ఫ్యాన్ పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఒకే వేగంతో తిరిగినా భరించొచ్చు, ఈ ఎగుడుదిగుడే చికాకు. వేడి 90 డిగ్రీల దాకా వెళ్లి మళ్లీ దిగుతోంది. పాడైనట్టా?

చల్లనిచిప్
పాడవలేదు. ఇప్పటి ప్రాసెసర్లు చిన్న పని తగిలినా అర సెకను పాటు అత్యధిక వేగానికి దూకుతాయి. ఆ ఒక్క కోర్ దగ్గర వేడి ఒక్కసారిగా లేస్తుంది, ఫ్యాన్ దాని వెనకే పరిగెడుతుంది. ఇంటెల్ చిప్‌లు చాలావరకు 100 డిగ్రీలు, ఏఎండీవి 95 లేదా 100 దాకా తట్టుకునేలా తయారైనవే. క్షణకాలం 90 కనిపిస్తే కంగారు అక్కర్లేదు.

మీటింగులకు మూడు దారులు, ఈ వరసలోనే ప్రయత్నించండి:
1. తయారీదారు యాప్‌లో సైలెంట్ మోడ్. చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది.
2. విండోస్ పాత కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99 చేయండి. ఆ ఒక్క శాతంతో టర్బో బూస్ట్, అంటే పైన చెప్పిన ఆ వేగపు దూకుడు, పూర్తిగా ఆగిపోతుంది. వేడి చాలా తగ్గి ఫ్యాన్ నెమ్మదిస్తుంది.
3. ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగమో చెప్పే గీత) మార్చే వీలుంటే, 50 నుంచి 75 డిగ్రీల మధ్య ఒకే వేగం ఉండేలా గీత చదునుగా పెట్టండి. వేడి ఎగిరిపడినా శబ్దం మారదు.

రెండో దారిలో ఒక నష్టం ఉంది. కొన్ని చిప్‌లకు టర్బో లేనప్పటి బేస్ వేగం రెండు గిగాహెర్ట్జ్‌ల దగ్గరే ఉంటుంది కాబట్టి కోడ్ కంపైల్ చేసేటప్పుడు బాగా నెమ్మదిస్తుంది. అందుకే దాన్ని వేరే పవర్ ప్లాన్‌గా దాచుకుని మీటింగులప్పుడే వాడండి.

మైకుని కూడా పరీక్షించాలి. ఇరవై నిమిషాలు వీడియో కాల్ నడిపి, ఆ తర్వాత వెంటనే రికార్డర్‌లో మాట్లాడి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. గాలి హోరు మీ మాట వెనక వినిపిస్తే వైరున్న హెడ్‌సెట్ తప్పదు.

తెరపరిశీలన
వీడియో ఎడిటింగ్ అన్నారు కాబట్టి తెర గురించి. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతల్లో ఎన్‌టీఎస్‌సీ ఒకటి; వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే ఆ తెర మీద రంగులు సరిదిద్దకండి. అది ఎస్‌ఆర్‌జీబీలో (వెబ్, ఫోన్ వీడియోలకు మామూలుగా వాడే రంగుల పరిధి) మూడింట రెండొంతులకు కూడా కాస్త తక్కువే చూపిస్తుంది. ఎరుపులు వెలిసిపోయినట్టుంటాయి, మీరు వాటిని పెంచుతారు, ఫోన్లో చూస్తే మొహాలు మండిపోతున్నట్టు కనిపిస్తాయి. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ. వెలుతురు 300 నిట్స్ కన్నా తక్కువైతే కిటికీ పక్కన కష్టం.

బ్యాటరీ మీద ఉన్నప్పుడు 165 హెర్ట్జ్‌ని 60కి దించండి, ఒకటి రెండు వాట్లు మిగులుతాయి. చాలా యాప్‌లలో ఇది తనంతట తనే మారే సెట్టింగ్ ఉంటుంది.

కూర్పుబల్ల
ఎడిటింగ్‌లో గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు అడ్డం పడేది ఫుటేజీ రకం. ఫోన్లో తీసిన మామూలు హెచ్.264, హెచ్.265 వీడియో అయితే 4060 హాయిగా లాగుతుంది. కెమెరా నుంచి వచ్చే, రంగుల సమాచారం ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 హెచ్.265 అయితే కథ వేరు. ఎన్విడియాలో దాన్ని డీకోడ్ చేసే (విప్పి చూపించే) హార్డ్‌వేర్ ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది, 40 సిరీస్‌లో లేదు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ గ్రాఫిక్స్‌లో ఉంది. కాబట్టి ఇంటెల్ చిప్ ఉండి హైబ్రిడ్ మోడ్‌లో ఉంచితే టైమ్‌లైన్ సాఫీగా నడుస్తుంది. డిస్క్రీట్ మోడ్‌లో పెడితే ఆ చిప్ పక్కకు పోతుంది, అంత పెద్ద గ్రాఫిక్స్ ఉండి కూడా టైమ్‌లైన్ తడబడుతుంది. అలాంటప్పుడు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి నకళ్లు, చేసుకోవడమే మార్గం.

కోడుగూడు
కోడింగ్‌కి ర్యామ్ చూడండి. టాస్క్ మేనేజర్, మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది. రెండింట్లో ఒకటే వాడి ఉంటే 16 జీబీ ఒకే కర్రలో (ర్యామ్ స్టిక్‌లో) ఇచ్చారన్నమాట, అంటే మెమరీ వేగం సగమే. అలాంటిదే ఇంకొకటి వేస్తే 32 అవుతుంది, వేగమూ పెరుగుతుంది. డాకర్, వర్చువల్ మెషీన్, బ్రౌజర్ మూడూ కలిపి నడిపేవాళ్లకు 32 అవసరమే. బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే తర్వాత పెంచలేరు, కొనేటప్పుడే నిర్ణయించుకోవాలి.

కొత్త డీడీఆర్5 ర్యామ్ వేశాక మొదటిసారి ఆన్ చేస్తే తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు. బోర్డు మెమరీని సరిచూసుకుంటోంది. మధ్యలో పవర్ బటన్ నొక్కకండి.

సొంత యంత్రంలోనే భాషా మోడళ్లు నడపాలనుకుంటే 8 జీబీ వీడియో మెమరీలో, నాలుగు బిట్లకు కుదించిన 7, 8 బిలియన్ల పారామీటర్ల మోడల్ సరిపోతుంది. 14 బిలియన్లది పూర్తిగా పట్టదు, మిగిలింది మామూలు ర్యామ్‌లోకి పోయి బాగా నెమ్మదిస్తుంది.

లినక్స్‌లాంతరు
లినక్స్ పెట్టే ఆలోచన ఉంటే గడువులోపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) వైఫై, స్పీకర్లు, స్లీప్ నుంచి లేవడం చూసుకోండి. స్పీకర్ల దగ్గరే ఎక్కువ ఇబ్బందులు వస్తాయి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఎన్విడియా డ్రైవర్ మాడ్యూల్‌కి డిజిటల్ సంతకం ఉండాలి, లేకపోతే లోడ్ కాదు.

స్వరపేటిక
రికార్డింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రాసెసర్ ఎంత వేగమైనా, డ్రైవర్లు సమయానికి దారి ఇవ్వకపోతే పాటలో టిక్ టిక్‌మని చప్పుళ్లు వస్తాయి. ఆ ఆలస్యాన్ని కొలిచే లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనాన్ని పదిహేను నిమిషాలు నడపండి. అత్యధిక అంకె 500 మైక్రోసెకన్ల లోపుంటే నిశ్చింతగా రికార్డ్ చేసుకోవచ్చు. 1000 దాటుతూ ఉంటే ఏ డ్రైవర్ కారణమో డ్రైవర్స్ పేజీలో వరసగా ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా దొరికేవి వైఫై డ్రైవరు, ఎన్విడియా డ్రైవరు, బ్యాటరీ స్థితి చదివే ఏసీపీఐ. రికార్డింగ్ అప్పుడు వైఫై ఆపండి. గ్రాఫిక్స్ చిప్ మాటిమాటికీ నిద్రపోయి లేవడం కూడా చప్పుడు తెస్తుంది, కాబట్టి పై సలహాలకు భిన్నంగా ఈ ఒక్క పనికి ఏదో ఒక చిప్‌నే స్థిరంగా ఉంచడం మేలు.

సంచిలోబరువు
బయటికి మోసుకెళ్లేవాళ్లు ల్యాప్‌టాప్ బరువు ఒక్కటే చూస్తారు. 230 వాట్ల ఛార్జర్ కూడా దాదాపు ముప్పావు కిలో ఉంటుంది, రెండూ కలిపి తూకం వేయండి. పగటి పనికి 100 వాట్ల టైప్-సీ ఛార్జర్ చాలు, అయితే మీ పోర్టు పవర్ డెలివరీ (టైప్-సీ ద్వారా ఛార్జ్ చేసే పద్ధతి) తీసుకుంటుందో లేదో చూడాలి. పోర్టు ఉన్నంత మాత్రాన ఛార్జ్ అవుతుందని కాదు. దాని మీద ఆట ఆడితే తగిలించి ఉండగానే బ్యాటరీ తరుగుతుంది.

సంచిలో పెట్టేముందు స్లీప్ కాదు, హైబర్నేట్ (తెరిచిన పనిని డిస్కులో దాచి పూర్తిగా ఆగిపోవడం) చేయండి. ఇప్పటి విండోస్ స్లీప్‌లో యంత్రం పూర్తిగా పడుకోదు, అప్‌డేట్ కోసమో మెయిల్ కోసమో లేస్తుంది. సంచిలో గాలి ఆడక కాలిపోయేంత వేడెక్కుతుంది. ఒక రాత్రి ఛార్జర్ లేకుండా స్లీప్‌లో వదిలి చూడండి. తెల్లారేసరికి 5, 6 శాతం తగ్గితే మామూలే. 20 తగ్గితే కమాండ్ విండోలో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ స్లీప్‌స్టడీ నడిపితే ఏది లేపిందో నివేదిక వస్తుంది.

ఒకేయంత్రం
లేటెన్సీమాన్‌లో 380, వైఫై ఆపాక 210. ర్యామ్ ఒకటే కర్ర, ఇంకోటి వేస్తాను. తెర పూర్తి ఎస్‌ఆర్‌జీబీ అని ఉంది. ఉంచుకుంటున్నాను. చివరిగా రెండు: బల్ల మీద ఎప్పుడూ ఛార్జర్‌తోనే ఉంటుంది, బ్యాటరీకి చేటా? ఇంకోటి, లోహపు మూత మీద చేయి పెడితే సన్నగా జిల్లుమంటోంది.

వాట్లలెక్క
బ్యాటరీని పాడుచేసేవి రెండు, నిండా ఛార్జ్‌లో ఉండటం, వేడి. రెండూ కలిస్తే ఇంకా త్వరగా పోతుంది. తయారీదారు యాప్‌లో ఛార్జ్ పరిమితి 80 శాతానికి పెట్టండి, 60 ఉంటే ఎప్పుడూ బల్ల మీదే ఉండేదానికి అది ఇంకా మంచిది. ఇవాళే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ నడిపి, డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ రెండూ రాసి పెట్టుకోండి. వారంటీ ముగిసేలోపు మళ్లీ చూస్తే ఎంత తరిగిందో తేలుతుంది.

చల్లనిచిప్
జిల్లుమనడం ఎర్త్ అందకపోవడం వల్ల. ఛార్జర్ లోపలి వడపోత కెపాసిటర్ల నుంచి అతి కొద్ది కరెంటు లోహపు భాగానికి వస్తుంది, ఎర్త్ ఉంటే అటు పోతుంది, లేకపోతే చేతికి తెలుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టారేమో చూడండి. మూడు పిన్నులూ నేరుగా గోడ సాకెట్లో పెట్టినా తగ్గకపోతే, ఎర్త్ తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఎర్త్ సరిగ్గా ఉండి కూడా జిల్లుమంటే ఛార్జర్ మార్పించుకోండి. మైకులో సన్నని హమ్ వినిపిస్తున్నా ముందు ఇదే సరిచూసుకోవాలి.