అప్‌డేట్: హోప్ ఐలాండ్‌లో పిట్టలు, తూనీగలు

నవంబరు గాలికి కాకినాడ హోప్ ఐలాండ్‌లో పిట్టలూ పురుగులూ కనిపిస్తాయా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. సముద్రం వైపు బైనాక్యులర్ నిలిస్తే ఒట్టు. మీరు చెప్పినట్టే కాకినాడ వైపు, గాలి మరుగున కూర్చున్నాం. ఆటుకి నీరు వెనక్కి తగ్గాక బురదలో ఉల్లంకులు (పొడుగు ముక్కు నీటిపిట్టలు) దిగాయి. అన్నీ గాలికి ఎదురుగానే నిలబడ్డాయి, వెనక్కి తిరిగితే ఈకలు లేచిపోతాయి మరి. ఒకటి ముక్కు మొదలంటా దించి, పొడవాటి పురుగును సాగదీసి లాగింది.

అసలు లాభం తూనీగలే. సరుగుడు కొమ్మలకు పసుపు తూనీగలు నిలువుగా వేలాడుతున్నాయి. హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోయే రకం ఇదే. మా బావ మాత్రం రోజంతా పీతల వెంటే పడ్డాడు. కెమెరాకి ప్లాస్టిక్ కవర్ తప్పనిసరి, ఉప్పు తుంపర లెన్స్‌ని వదలదు.