పుదుచ్చేరి పాత పట్టణంలో పగలంతా వాహనాలను ఆపాలా?

గౌతమీ తీరం:
మా యానాం వారికి పాలనా కేంద్రం పుదుచ్చేరే కనుక ఏదో ఒక పని మీద అక్కడికి వెళ్లక తప్పదు. పని ముగిశాక పాత వీధుల్లో నడవడం నాకు అలవాటు. సముద్రపు ఒడ్డున ఉన్న బీచ్ రోడ్డులోకి సాయంత్రం 6 గంటల నుంచి మర్నాడు ఉదయం 7:30 వరకు మోటారు వాహనాలను రానివ్వరు. ఈ నిషేధాన్ని, పాత పట్టణాన్ని తూర్పు పడమరలుగా విడదీసే కాలువకూ సముద్రానికీ మధ్యనున్న ఫ్రెంచి వీధులన్నిటికీ విస్తరించి, అక్కడ నివసించేవారి వాహనాలను మాత్రం మినహాయించి, పగలు కూడా అమలు చేయాలన్నది నా ప్రతిపాదన.

1693 నుంచి 1699 వరకు ఊరు డచ్చివారి చేతిలో ఉన్నప్పుడు గీసిన గళ్ల వీధుల పథకం, 1761లో ఆంగ్లేయులు పట్టణాన్ని నేలమట్టం చేసిన తరువాత ఫ్రెంచివారు మళ్లీ కట్టుకున్నప్పుడు కూడా చెక్కుచెదరలేదు. మోటారు బండి ఊహకైనా అందని కాలంలో వేసిన ఆ వీధుల్లో నేడు నడవాలంటే ఎంత కష్టమో ద్యూమా వీధికి వెళ్తే తెలుస్తుంది. పసుపు గోడ పక్కనున్న సన్నని కాలిబాట మీద అద్దె స్కూటర్లు వరుసగా నిలిపి ఉంటాయి కాబట్టి నడిచేవారు రోడ్డు మీదికి దిగాలి. రోడ్డు మీద కాగితం పూల తీగ కింద ఫోటోలు దిగేవారి వెనుక కార్లు హారన్లు మోగిస్తూ ఉంటాయి. తమిళంలోనూ ఫ్రెంచిలోనూ వీధి పేరు రాసిన నీలి పలకను తలెత్తి చదివే వ్యవధి కూడా దొరకదు.

మండువా లోగిలి:
కాలువకు పడమటి వైపు స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. గౌతమీ తీరం గారి ప్రతిపాదనను ఈ రూపంలో నేను వ్యతిరేకిస్తున్నాను, ఎందుకంటే అందులో పాత పట్టణం అంటే తూర్పు సగమే.

చూడవలసినదంతా తూర్పునే ఉందనుకునేవారు కాలువ దాటి రంగపిళ్లై వీధికి రావాలి. ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద దుబాసీగా పనిచేసిన ఆనందరంగపిళ్లై 1738లో కట్టించిన ఇల్లు అక్కడ ఉంది. కింది అంతస్తు చెక్కడపు కొయ్య స్తంభాలతో మన పద్ధతిలోనూ, పై అంతస్తు సున్నపు స్తంభాలతో ఐరోపా పద్ధతిలోనూ ఉంటాయి. ఆయనకే కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ను అంకితమిచ్చాడు. పిళ్లై తమిళంలో రాసుకున్న దినచర్యలో, 1748లో వేదపురీశ్వరుని గుడిని ఫ్రెంచివారు కూలగొట్టించిన వృత్తాంతం ఉంది. ఆ గుడి అప్పటి చర్చిని ఆనుకొని ఉండేది; మిషన్ వీధిలో నేడు కనిపించే పెద్ద చర్చి 1791లో పూర్తయింది. ఈ సంగతి తెలిసి ఆ వీధిలో నడవడం వేరు, తెలియక నడవడం వేరు.

ఇక ఇళ్ల విషయం. వైశ్యాళ్ వీధిలో ఇంటి ముందు ఎత్తైన అరుగు, దాని ముందు కొయ్య స్తంభాల మీద వీధి అంచు దాకా దిగిన పెంకుల వసారా ఉంటాయి. బాటసారి కాసేపు కూర్చోవడానికే ఆ నీడ. ఆ వీధి ఇళ్ల ముందుభాగాలను బాగుచేసిన పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అయినా పక్క వీధుల్లో దుకాణాల కోసం ఇళ్లు కూలుతూనే ఉన్నాయి, బండి లోపలికి ఎక్కించడానికి అరుగును పగలగొట్టి సిమెంటు వాలు పోసిన ఇళ్లూ కనిపిస్తాయి. శని, ఆదివారాల్లో చెన్నై నుంచి వచ్చే కార్లను కాలువ దగ్గర ఆపితే అవి నిలిచేది ఈ వీధుల్లోనే. తరువాత రోడ్డు ఇరుకైందంటారు, వెడల్పు చేయాలంటారు, మొదట పోయేవి ఆ వసారాలే.

తెల్లసున్నం:
వాహనాల అదురుకు పాత కట్టడాలు దెబ్బతింటాయన్న అంశం ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. బీచ్ రోడ్డులోని మేరీ భవనం, అంటే పాత పురపాలక కార్యాలయం, కూలిపోవడం మనందరికీ తెలిసిందే.

మండువా లోగిలి:
తెల్లసున్నం గారూ, ఆ భవనం కూలింది 2014 నవంబరులో, భారీ వర్షాల్లో. చాలాకాలం ఆలనాపాలనా లేకుండా వదిలేసిన సున్నపు గోడలు నీటికి నానిపోయాయి. దానిని మళ్లీ పాత రూపంలోనే కట్టి 2021లో ప్రారంభించారు. ఆ నేరాన్ని కార్ల మీద వేస్తే గోడల సంరక్షణ అనే అసలు పని మరుగున పడుతుంది.

నెమ్మది నడక:
మా అమ్మగారిని మనకుళ వినాయకుని గుడికి ఆటోలో తప్ప తీసుకువెళ్లలేను. పూర్తి నిషేధం గురించి మాట్లాడేవారు ముందుగా మోకాళ్ల నొప్పులవారి సంగతి చెప్పాలి.

గౌతమీ తీరం:
నెమ్మది నడక గారి మాట న్యాయమైనది. వృద్ధులనూ నడవలేనివారినీ తీసుకువచ్చే ఆటోలను ఆపాలని నేను అనను. ఆపవలసినవి ఊరు చూడటానికి వచ్చి వీధివీధినా చక్కర్లు కొట్టే సొంత కార్లు, అద్దె బైకులు.

మండువా లోగిలి గారి ఆందోళనకు నా జవాబు ఏమిటంటే, వాహనాలను నిలపవలసినది కాలువ గట్టున కాదు, పూర్వపు కోట గోడల వెంబడి పట్టణాన్ని చుట్టిన బులవార్ రోడ్లకు వెలుపల. అక్కడి నుంచి చిన్న బ్యాటరీ బండ్లు నడిపితే రెండు వైపుల వీధులకూ భారం తగ్గుతుంది. అయితే రెండు సగాల్లోనూ ఒకేసారి మొదలుపెట్టాలంటే పడమటి వ్యాపారులు ఒప్పుకోరు, ఏళ్ల తరబడి ఏదీ జరగదు. సాయంత్రపు నిషేధానికి ఇప్పటికే అలవాటు పడిన తూర్పు వైపు ముందుగా మొదలుపెట్టడంలో తప్పు లేదు.

మండువా లోగిలి:
హద్దు బులవార్ అయితే నా అభ్యంతరంలో సగం తీరినట్లే. మిగిలిన సగం క్రమం గురించి. తూర్పున మొదలైన పని తూర్పునే ఆగిపోతుందని నా అనుమానం, ఎందుకంటే హోటళ్లూ పర్యాటకులూ అటే ఉన్నారు. వారికి సౌకర్యం కలిగాక పడమటి వీధుల కోసం అడిగేవారు ఉండరు. వ్యాపారులు ఒప్పుకోరన్న మాటను కూడా నేను అంగీకరించను. ప్రతి ఆదివారం మహాత్మా గాంధీ వీధిలో సంత జరుగుతుంది. బట్టలూ, చెప్పులూ, గిన్నెలూ రోడ్డు అంచు దాకా పరిచి అమ్ముతుంటే జనం మధ్యలో బండి కదలడమే కష్టం, బేరాలు మాత్రం బ్రహ్మాండంగా సాగుతాయి. ఆ ఒక్క వీధిలో, ఆ ఒక్క రోజు, ఎలాగూ కదలని వాహనాలను అధికారికంగా ఆపి చూడటంతో ఈ ప్రయోగాన్ని మొదలుపెట్టడానికి మీకు అభ్యంతరం ఏమిటి?