వైర్ ర్యాక్ మూడో అర ఒకవైపు జారిపోతోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

అటకమీదపిల్లి – రాత్రి 10:08
సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టాను. ఇప్పుడు పది దాటింది. పావుగంటలో బిగించేయొచ్చని డబ్బా మీద రాశారు. పావుగంటట! నాలుగు పైపులు, తీగలతో అల్లిన ఐదు అరలు, కవరు నిండా నల్ల ప్లాస్టిక్ క్లిప్పులు, ఇంతే సామాను. కింది రెండు అరలు బుద్ధిగా కూర్చున్నాయి. మూడోది పెడితే ఒకవైపు రెండు మూలలూ సర్రున జారి, అర వాలిపోయి అడ్డంగా ఇరుక్కుంటోంది. అవతలి వైపు మాత్రం కదలదు. తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం. వేళ్లు బొబ్బలెక్కాయి. కూడా వచ్చిన కాగితంలో బొమ్మలు తప్ప ఒక్క అక్షరం లేదు. ఆ బొమ్మలో మనిషి మాత్రం అర పట్టుకుని నవ్వుతున్నాడు. హాలంతా పుస్తకాలు, అట్టపెట్టెలు పరిచి ఉన్నాయి, కాలు పెట్టే చోటు లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి. టెన్షన్ వచ్చేస్తోంది.

ఒక్కముక్క – 10:11
క్లిప్పులు తలకిందులుగా పెట్టారు.

అటకమీదపిల్లి – 10:15
లేదండీ. సన్నంగా ఉన్న కొస పైకి, లావుగా ఉన్నది కిందికి. బాణం గుర్తు కూడా పైకే చూస్తోంది. అది మొదటి గంటలోనే నేర్చుకున్నాను.

తుప్పుశత్రువు – 10:19
మీ ర్యాక్ మెరిసే క్రోమ్‌దా, రంగు పూత ఉన్నదా? ఈ సంగతి ఎవరూ అడగరు, తర్వాత ఏడుస్తారు. క్రోమ్ అంటే తుప్పు పట్టదని చాలామంది అనుకుంటారు. లోపల ఉన్నది మామూలు ఇనుమే, పైన పలచటి పూత. మీరు ఇలా పదిసార్లు పీకి పెడుతున్నారంటే పైపు చుట్టూ ఉన్న గాళ్ల దగ్గర పూత గీరుకుపోయి ఉంటుంది. తడి ఉండే చోట పెడితే తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. గాళ్లలోనూ, తీగకి తీగ అతికించిన చోట్లలోనూ. తడి గదికైతే ఎపాక్సీ, అంటే ప్లాస్టిక్ లాంటి గట్టి పూత ఉన్నదే తీసుకోవాలి. అది కూడా గీత పడిందంటే పూత కింద నుంచి పాకుతుంది, పైకి బుడగ లేచేదాకా కనపడదు. నెలకోసారి పొడి గుడ్డతో తుడవండి. తడి గుడ్డతో తుడిచి వదిలేసేవాళ్లని నేను చాలామందిని చూశాను.

అటకమీదపిల్లి – 10:22
నల్ల పూత ఉన్నదండీ. అయినా తుప్పు పట్టాలంటే ముందు అది నిలబడాలి కదా.

మరమేకు – 10:26
ముందు పదాలు తేల్చుకుంటే సమాధానం అదే దొరుకుతుంది. మీరు ర్యాక్ అంటున్నది మొత్తం కట్టడాన్నా, ఒక్క అంతస్తునా? అర అంటే బీరువాలోనో గోడలోనో ఉండేది, మూడు వైపులా మూసి ఉండాలి. తీగలతో అల్లినదాన్ని పలక అనొచ్చు, అంతస్తు అనొచ్చు. ఇక క్లిప్ అన్నారు. క్లిప్ అంటే పట్టుకునేది. ఇది పట్టుకోదు, మధ్యలో ఇరుక్కుంటుంది. సీల అంటే సరిపోతుంది.

గోదాము – 10:31
సీల అంటే రంధ్రంలో అడ్డంగా దూర్చేది సార్. ఇది పైపు చుట్టూ తొడిగేది. తెలుగే కావాలంటే తొడుగు అనండి. మా గోడౌన్‌లో అందరం స్లీవ్ అంటాం, కొందరు బుష్ అంటారు, ఏదన్నా పని ఆగదు.

పిల్లి గారూ, నేను రోజూ ఇవి విప్పి బిగించేవాణ్ణే. అది ఎలా నిలబడుతుందో ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది. పైపు పొడుగునా అంగుళానికొక గాడి ఉంటుంది. స్లీవ్ రెండు సగాలు. ఒక్కో సగం లోపలి వైపు వేలితో తడిమితే సన్నటి గట్టు తగులుతుంది. ఆ గట్టు గాడిలో పడాలి. రెండు సగాలూ ఒకే గాడిలో పడాలి, పడినప్పుడు టక్ మంటుంది. టక్ అనకపోతే పడలేదని లెక్క. పడ్డాక చేత్తో కిందికి లాగి చూడండి, వెంట్రుకంత కూడా కదలకూడదు. అర మూలలో ఉండే రింగు గరాటు తిరగేసినట్టు ఉంటుంది, కింద వెడల్పు, పైన ఇరుకు. అది పై నుంచి దిగి స్లీవ్ మీద బిగుసుకుంటుంది. బరువు పెట్టేకొద్దీ ఇంకా బిగుస్తుంది. స్క్రూ లేదు, బోల్టు లేదు, మొత్తం ఆ ఇరుకు మీదే ఆధారం.

కాబట్టి జారిందంటే గట్టు గాడిలో పడలేదన్నమాట. ఆ రెండు మూలల్లో కింది నుంచి గాళ్లు లెక్కపెట్టి, నాలుగు మూలలూ ఒకే లెక్కలో ఉన్నాయో లేదో చూడండి. అర వైపు కూడా చూడండి. చదునుగా ఉన్న తీగలు పైకి, జిగ్‌జాగ్‌గా వంచిన తీగ కిందికి ఉండాలి. తర్వాత ఎదురెదురు మూలల్లో తట్టుకుంటూ రండి. ఒకే మూల మీద దబదబా కొడితే అవతలి మూల లేస్తుంది. రబ్బరు సుత్తి ఉందా?

అటకమీదపిల్లి – 10:34
సుత్తి ఇక్కడ చాలినంత వేస్తున్నారు కదా :) రబ్బరుది లేదు, చెప్పు మడమతో కొడుతున్నాను. గాళ్లు లెక్కపెట్టాను, అన్నీ పద్దెనిమిదే. అర వైపు సరిగ్గానే ఉంది.

మరమేకు – 10:36
ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నదైతే, పదం సరిగ్గా లేకపోతే సలహా కూడా సరిగ్గా రాదని మాత్రమే నేను చెప్పాను.

దీపస్తంభం – 10:40
నేనైతే ముందు అడుగున ఒకటి, పైన ఒకటి వేసేస్తా. ఫ్రేము బిగుసుకుంటుంది. మధ్యవి తర్వాత నింపుకోవచ్చు.

గోదాము – 10:42
ఎటునుంచి నింపుతారు బ్రదర్? అరలన్నీ పైపుల పై కొస నుంచే దిగాలి. పైది బిగించాక మధ్యలోకి దారే ఉండదు. కింది నుంచి వరసగా రావాల్సిందే.

దీపస్తంభం – 10:43
నాది నాలుగు మూలలా కొక్కేలు ఉండే రకం అనుకుంటా. అయితే వేరే.

బరువులెక్క – 10:51
పుస్తకాలు పెడతానన్నారు కాబట్టి ఒక మాట. డబ్బా మీద ఒక్కో అరకి ఇన్ని కేజీలు అని రాసి ఉంటుంది. అది అర మొత్తం మీద సమంగా పరిచిన బరువుకి వేసిన లెక్క, అది కూడా ర్యాక్ కాళ్ల మీద నిలబడినప్పుడు. మధ్యలో ఒక్కచోట పెట్టే బరువుకి ఆ లెక్క వర్తించదు. పుస్తకాలు ఒక వరస పేరిస్తే మీటరుకి 20 నుంచి 30 కేజీలు వస్తుంది, లోతు ఉంది కదా అని వెనక ఇంకో వరస పెడితే రెట్టింపు. చక్రాలు బిగించారా? బిగిస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఒక్కో చక్రం 50 కేజీలు మోస్తుందనుకోండి, నాలుగింటికీ 200. అందులో ర్యాక్ సొంత బరువు కూడా కలుస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒక చక్రం గాల్లో ఉంటుంది, అందుకని మూడింటికే లెక్క వేసుకోవాలి. అంటే 150. అరల మీద ఏం రాసి ఉన్నా సరే. బరువైనవి కిందికి, తేలికవి పైకి. పిల్లలు ఎక్కే ఇల్లయితే పై అరని గోడకి కట్టేయండి.

అటకమీదపిల్లి – 10:54
చక్రాలు లేవండీ. దాని మీద ఇంకా ఒక్క పుస్తకం కూడా పెట్టలేదు. ఖాళీ అరే జారుతోంది.

తుప్పుశత్రువు – 10:57
చెప్పు మడమతో పూత ఉన్న అరని కొట్టకండి. మడమలో ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా గీత పడుతుంది. మడిచిన గుడ్డ అడ్డం పెట్టి కొట్టండి.

ఒక్కముక్క – 11:02
కవర్లో ఎన్ని ముక్కలు వచ్చాయి?

అటకమీదపిల్లి – 11:06
లెక్కపెట్టలేదు. కానీ ఐదు అరలకీ ముందే పంచి పెట్టుకుంటే నాలుగు సగాలు తక్కువయ్యాయి. అందుకే ఆ వైపు రెండు మూలలకి పాత స్టాండ్‌వి వాడాను. అవీ నల్లవే, ఇలాగే ఉన్నాయి.

ఒక్కముక్క – 11:06
అదే.

గోదాము – 11:12
అమ్మా, ఈ మాట గంట క్రితం చెప్పాల్సింది కదండీ!

ఐదు అరలు, అరకి నాలుగు మూలలు, మూలకి రెండు సగాలు. 40 ముక్కలు రావాలి. పాత స్టాండ్ పైపులు ఇంతే లావు ఉన్నాయా? ఈ ర్యాకులు ఎక్కువగా రెండు లావుల్లో వస్తాయి. అంగుళం పైపు ఒకటి, ముప్పావు అంగుళం పైపు ఒకటి. చూపుకి తేడా తెలీదు. సన్నటి కాగితం ముక్క పైపు చుట్టూ చుట్టి, కలిసిన చోట గీత గీసి, విప్పి స్కేలుతో కొలవండి. దాదాపు 8 సెంటీమీటర్లు వస్తే 25 మిల్లీమీటర్ల పైపు, 6 వస్తే 19 మిల్లీమీటర్లది. రెండు స్టాండ్‌లకీ కొలిచి చెప్పండి.

అటకమీదపిల్లి – 11:21
కొత్తది 8 కి చుక్క తక్కువ. పాతది సరిగ్గా 6. అందుకేనా ఆ సగాలు రెండూ కలవలేదు! మధ్యలో సందు ఉంటే టేపు చుట్టి పెట్టాను.

గోదాము – 11:23
టేపా.

బరువులెక్క – 11:24
టేపు జారడానికి కారణం కాదు కానీ, దాని మందం వల్ల రింగు పట్టు తప్పుతుంది. ఎన్ని చుట్లు చుట్టారు?

అటకమీదపిల్లి – 11:25
నవ్వకండి. మూడు.

గోదాము – 11:30
చుట్లు వదిలేయండి సార్. సన్న పైపు స్లీవ్ లావు పైపుకి వేస్తే లోపలి గట్టు గాడిలోకి దిగదు, దాని వంపే వేరు. గాడి పక్కన ఎక్కి కూర్చుంటుంది. అర వచ్చి మీద పడగానే దానితోపాటే జారుతుంది. అవి తీసేయండి.

ఇప్పుడు అసలు నాలుగు సగాలు ఎక్కడున్నాయో చూద్దాం. మీరు మొదట్లో ఏదైనా అర బిగించి, తప్పయిందని మళ్లీ పీకారా?

అటకమీదపిల్లి – 11:32
పీకాను. మొట్టమొదట పెట్టిన అర మరీ నేలకి ఆనినట్టు ఉందని తీసేశాను. దాన్ని గోడకి ఆనించి పెట్టి, దాని బదులు వేరేది వేశాను. అది ఆఖరిదిగా పైన వేద్దామని.

గోదాము – 11:34
దాని నాలుగు మూలల్లోనూ రింగు లోపల వేలు పెట్టి చూడండి.

అటకమీదపిల్లి – 11:47
ఉన్నాయి!! రెండు మూలల్లో రెండేసి. నల్ల రింగులో నల్ల ముక్కలు, ఫోన్ లైటు వేస్తే గానీ కనపడలేదు. అర పీకినప్పుడు పైపుని వదిలేసి రింగులోనే ఉండిపోయాయి. నేను కవరు, అట్టపెట్టె, సోఫా కింద, చెత్తబుట్ట అన్నీ వెతికాను. ఇప్పుడు రావట్లేదు, గోరు విరిగింది.

గోదాము – 11:50
గోరు వద్దు. కింది వైపు నుంచి లాగినా రాదు. అర రెండు వైపులా ఏదైనా ఎత్తు మీద ఆనించి, రింగు పై నుంచి, అంటే ఇరుకు వైపు నుంచి, స్క్రూడ్రైవర్ పిడి పెట్టి కిందికి మెల్లగా తట్టండి. ఊడి పడతాయి. ఎప్పుడైనా బిగించిన అర విప్పాలన్నా ఇదే లెక్క, కాకపోతే అప్పుడు స్లీవ్ పైపుకే ఉంటుంది కాబట్టి అర అడుగు నుంచి పైకి కొట్టాలి, మూల మూలకీ కొంచెం కొంచెంగా. విప్పగానే స్లీవులు లెక్కపెట్టి ఒక కవర్లో వేసుకోవాలి. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకి మొదటిరోజు నేర్పేది ఇదొక్కటే.

మరమేకు – 11:53
చూశారా? మొదట్లోనే తొడుగులు అని ఉంటే, తొడుగు అంటే కొలత ఉంటుంది కాబట్టి ఎవరైనా కొలత అడిగేవారు. క్లిప్పులు అనడం వల్ల ఏదైనా సరిపోతుందనిపించింది. వంటి మీద వేసుకునే తొడుగైనా అంతే.

గోదాము – 11:55
తొడుగు అన్నది నేనే సార్. మీరు సీల అన్నారు.

మరమేకు – 11:58
నేను చర్చ మొదలుపెట్టాను కాబట్టే ఆ మాట వచ్చింది.

తుప్పుశత్రువు – రాత్రి 12:04
ఆ టేపు జిగురు పైపు మీద వదిలేయకండి. జిగురుకి దుమ్ము అంటుకుంటుంది, దుమ్ము తడిని పట్టి ఉంచుతుంది. తర్వాత సంగతి నేను చెప్పక్కర్లేదు.

అటకమీదపిల్లి – 12:41
ఐదు అరలూ ఎక్కాయి. టక్ మంది, నిజంగానే వినపడుతుంది. కాకపోతే పట్టుకుని ఊపితే పైభాగం కొంచెం ఊగుతోంది. రేపు చూస్తా, ఇప్పుడు ఓపిక లేదు. థ్యాంక్స్ అండీ అందరికీ, ఒక్కముక్క గారికి ముఖ్యంగా.

ఒక్కముక్క – 12:42
👍

గోదాము – ఉదయం 6:15
ఊగుతుందంటే, మీ పైపులు ఒక్కటే ముక్కా, మధ్యలో మరతో కలిపే రెండు ముక్కలా? రెండు ముక్కలదైతే ఆ అతుకు దగ్గర సందు లేకుండా చివరిదాకా తిప్పి ఉండాలి. అరలు ఎక్కించాక తిప్పడం కష్టం. పైపుల అడుగున తిప్పే కాళ్లు కూడా ఉంటాయి. ఏ కాలు నేలకి తగలట్లేదో దాని కింద కాగితం జరిపి చూడండి, దూరితే అదే. ఆ కాలు కాస్త కిందికి తిప్పండి. పుస్తకాలు పెట్టకముందే చేయాలి ఇదంతా.

బరువులెక్క – ఉదయం 7:40
పెట్టేసి ఉంటారు.

మరమేకు – ఉదయం 9:02
ఊగడం వేరు, కదలడం వేరు. అర కదిలితే తొడుగు సమస్య. మొత్తం కట్టడం ఊగితే కాళ్ల సమస్య. ఆవిడ ఏది అన్నారో స్పష్టంగా లేదు.

బుడగ – సాయంత్రం 5:33
ఇదంతా చదివాను, చాలా బాగా చెప్పారు. నాకూ మూడో అరే జారుతోంది. కానీ నావన్నీ కొత్త క్లిప్పులే. ఏం చేయమంటారు?