అప్‌డేట్: సొంతంగా అమర్చుకున్న కంప్యూటర్‌కు లోపలి స్పీకర్ కావాలా?

విడిభాగాలు తెచ్చి నేనే అమర్చుకుంటున్న కంప్యూటర్‌కు లోపలి స్పీకర్ (ఆన్ చేసినప్పుడు ఏదైనా లోపముంటే బీప్ శబ్దాలతో తెలిపే చిన్న బజర్) అవసరమా అని ఇంతకుముందు అడిగాను. లేకపోయినా కంప్యూటర్ నడుస్తుందని, అయితే తొలిసారి ఆన్ చేసేటప్పుడు ఉంటే మేలని ఎక్కువమంది చెప్పారు. నా మదర్‌బోర్డు (విడిభాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) మీద లోపాన్ని సూచించే ఎల్‌ఈడీలు (చిన్న దీపాలు) లేవు కాబట్టి, ఎరుపు, నలుపు తీగలున్న చిన్న బజర్‌ను తెప్పించి, బోర్డు మీద ‘స్పీకర్’ అని ముద్రించి ఉన్న పిన్నులకు తగిలించాను.

పవర్ బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర మీద ఏమీ రాలేదు. బజర్ మాత్రం ఆగి ఆగి దీర్ఘంగా మోగుతూనే ఉంది. మదర్‌బోర్డు మాన్యువల్‌లోని పట్టిక ప్రకారం అది ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) సమస్య. బీప్‌ల అర్థం బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి, ఎవరి బోర్డు మాన్యువల్‌ను వారు చూసుకోవడమే సరైన పద్ధతి. ప్లగ్గు తీసేసి, ర్యామ్‌ను బయటికి తీసి, క్లిప్పు టక్కుమని పడేదాకా మళ్లీ నొక్కి ఆన్ చేస్తే, ఒకే ఒక్క పొట్టి బీప్ వినిపించి బయాస్ తెర వచ్చింది.

పాటలు వినే స్పీకర్లు ఈ పని చేయలేవు. డ్రైవర్లు, విండోస్ లోడ్ కాకముందే, తెర కూడా వెలగని దశలో ఈ బజర్ మోగుతుంది. బోర్డు మీద లోపాన్ని సూచించే (డీబగ్) ఎల్‌ఈడీలో, లోపాన్ని రెండంకెల కోడ్‌గా చూపే డిస్‌ప్లేనో ఉన్నవారికి ఇది అక్కరలేదని నా అభిప్రాయం. నేను మాత్రం ర్యామ్ పెంచే ఆలోచనలో ఉన్నాను కాబట్టి దాన్ని అలాగే ఉంచుతున్నాను.