"మమ జీవన హేతునా": ఆయుష్షు ఎవరికి?

"మాంగల్యం తంతునానేన" శ్లోకంలో తాళి మొగుడి ఆయుష్షు కోసమే కదా అని నిన్న గ్రూపులో ఒకరు అడిగారు. చాలామంది అవునన్నారు. ఆ జవాబు నాకు మింగుడుపడలేదు. శ్లోకం అందరికీ తెలిసిందే:

మాంగల్యం తంతునానేన మమ జీవన హేతునా
కంఠే బధ్నామి సుభగే త్వం జీవ శరదాం శతం

'తంతునా', 'అనేన', 'హేతునా' మూడూ తృతీయా విభక్తే. అంటే 'నా బతుక్కి కారణమైన ఈ దారంతో' అని. 'బధ్నామి', కడుతున్నాను. ఇంతవరకు తాళి కట్టే పెండ్లికొడుకు మాట్లాడేది తన గురించే. మరి కోరిక ఎక్కడుంది? 'జీవ' అనే క్రియలో. అది మధ్యమ పురుష ఏకవచనం, పైగా ముందే 'త్వం' ఉంది. నువ్వు బతుకు, నూరు శరత్తులు బతుకు. సంధ్యావందనంలో వచ్చే 'జీవేమ శరదశ్శతం'తో పోల్చి చూడండి. అక్కడ 'జీవేమ' బహువచనం, మేమందరం బతకాలని. ఇక్కడ దీవెన ఆమె ఒక్కదానికే. తన కోసం ఆయన ఏమీ అడగలేదు.

ఇది నాకు వ్యాకరణం చదివితే తెలిసింది కాదు, మా అవ్వ దగ్గర తెలిసింది.

తాత పోయిన పదకొండేండ్లకు మా ఇంట్లో పెండ్లి శ్రీనివాస మంగాపురంలో చేశాం. పద్మావతమ్మను పెండ్లాడినాక స్వామి ఆరు నెలలు అక్కడే ఉన్నాడని మా వైపు చెప్పుకుంటారు, అందుకే ఆ ఊళ్లో పెండ్లంటే మావాళ్లకు ప్రీతి. ముహూర్తం వేళకు అవ్వ వెనక వరసలోకి పోయి కూర్చుంది. పిలిచినా ముందుకు రాలేదు. ఆ ఆచారం మీద నాకు ఇప్పటికీ కోపమే. నేనే పోయి ఆమె పక్కన కూర్చున్నా. అయ్యవారు శ్లోకం ఎత్తుకోగానే అవ్వ పెదవులు కదిలాయి. గట్టిమేళం ఆగాక వక్కాకు సంచి విప్పి, లోపలి అరలోంచి చిన్న గుడ్డ మడత తీసింది. అందులో తాళిబొట్టు. దారం లేదు, గుడ్డకు మాత్రం పసుపు మరక అట్లే ఉంది. బొట్టును బొటనవేలితో రెండుసార్లు తుడిచి మళ్లీ మడిచి పెట్టుకుంది.

"నూరేండ్లు బతకమని చెప్పినాడు గదరా మీ తాత. నాకు డెబ్బై ఆరే. ఆయన మాట ఇంకా నడస్తానే ఉంది" అనింది.

పెళ్లయిన కొత్తలో ఆ శ్లోకానికి అర్థం తాతే చెప్పాడట. ఆయన బడిపంతులు. శ్లోకంలో 'నేనున్నంత వరకు' అనే మాట ఎక్కడా లేదు. చెప్పినాయన పోయినా 'జీవ' అన్న క్రియ ఆమె మీద పని చేస్తూనే ఉంది. తాళి తీసేశాక ఆ బంధం తెగినట్టేనని ఎవరైనా అంటే, ఈ శ్లోకంలో అందుకు ఆధారం చూపించమని అడుగుతాను.

వ్యాఖ్యల్లో 'మాంగల్యం'కు సున్నా ఉండాలా అని ఇంకొకరు అడిగారు. సున్నా పెడితే మాంగల్యం కర్మ అవుతుంది, దాన్ని దారంతో కడుతున్నానని. 'మాంగల్యతంతునానేన' అని సమాసం చేస్తే 'ఈ మంగళసూత్రంతో' అని. శుభలేఖల్లో ఎక్కువగా కనిపించేది సున్నాతోనే. నాకు సమాసమే సూటిగా అనిపిస్తుంది.

రాత్రి అవ్వకు ఫోన్ చేసి అడిగాను. సున్నా లేకుండానే చెప్పింది, తాత నేర్పినట్టే.